సంవత్సరం చూసి బీఎస్ చెప్పేయొచ్చా? పాత బండ్ల లెక్క వేరే

ముందు మీరు అడిగినది ఒకసారి చెప్పుకుందాం, చదివే మిగతావాళ్ళకూ అర్థమవుతుంది. మీది డీజిల్ హ్యాచ్‌బ్యాక్. 2011 ఆగస్టులో తయారై, అక్టోబరులో వరంగల్‌లో రిజిస్టరైంది. మీరు సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. ఆర్సీ మీద బీఎస్ (భారత్ స్టేజ్, అంటే బండి వదిలే కాలుష్యానికి పెట్టిన పరిమితుల మెట్టు) గురించి ఒక్క ముక్క లేదు, యాప్‌లో ఆ గడి ఖాళీగా ఉంది. పొల్యూషన్ సర్టిఫికెట్ మీద మాత్రం బీఎస్-4 అని అచ్చయి వచ్చింది. మెకానిక్ డ్యాష్‌బోర్డు మీద ఇంజిన్ లైటు చూపించి ‘ఇది బీఎస్-4 సార్’ అన్నాడు. కార్ల బ్రోకరేమో ‘ఏపీ 36 బండి కదా, బీఎస్-3నే’ అని కొట్టిపారేశాడు. గురుగ్రామ్‌లో ఉద్యోగం చేస్తున్న మీ అబ్బాయి బండి పంపించమంటున్నాడు. చివర్లో మీ నాన్నగారి 1974 నాటి స్కూటర్ ఏ బీఎస్‌లోకి వస్తుందని కూడా అడిగారు.

నేను చాలా ఏళ్ళు డీలర్ దగ్గర రిజిస్ట్రేషన్ కౌంటర్లో పనిచేశాను. ఇప్పటికీ పాత బండ్ల కాగితాలు చూసిపెట్టమని నా దగ్గరికి వస్తుంటారు. ఈ గందరగోళం మీ ఒక్కరిదే కాదు. మీకు చెప్పిన ముగ్గురిలో ఒక్కరి దగ్గరా రుజువు లేదు. ఎవరి అనుభవం వాళ్ళు చెప్పారు, అంతే. కారు గురుగ్రామ్ పంపే ఆలోచన మాత్రం ఇప్పుడే మానుకోండి. అది బీఎస్-4 అని తేలినా సరే, నేనైతే పంపను. ఎందుకో కింద చెప్తాను.

అసలు బీఎస్ అనేది దేనికి అంటుకుని ఉంటుందో అక్కడ మొదలుపెడదాం. అది బండి వయసుకు సంబంధించింది కాదు, ఇవాళ వదిలే పొగకు సంబంధించింది కూడా కాదు. కంపెనీ ఒక మోడల్‌ను అమ్మాలంటే ముందు దాని నమూనాను పుణెలోని ఏఆర్ఏఐ, మానేసర్‌లోని ఐక్యాట్ లాంటి సంస్థల దగ్గర పరీక్ష చేయించి టైప్ అప్రూవల్ తెచ్చుకోవాలి. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 126వ రూలు దీని గురించే. ఆ పరీక్షలో బండిని రోలర్ల మీద నిలబెట్టి, నిర్ణయించిన వేగాల్లో నడిపి, కిలోమీటరుకు ఎన్ని గ్రాముల కార్బన్ మోనాక్సైడ్, ఎన్ని గ్రాముల నైట్రోజన్ ఆక్సైడ్లు, ఎంత మసి వస్తోందో కొలుస్తారు. ఆ అప్రూవల్ కింద ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చిన ప్రతి బండికీ అదే బీఎస్ వర్తిస్తుంది. ఒక రకంగా ఇది జన్మనక్షత్రం లాంటిది, తర్వాత ఎలా బతికినా మారదు. సైలెన్సర్ కొత్తది వేసినా, ఇంజిన్ రీబోర్ చేయించినా, పొల్యూషన్ పరీక్షలో పొగ సున్నా వచ్చినా బీఎస్-3 బండి బీఎస్-3గానే ఉంటుంది. అలాగే బోరు అరిగిపోయి నల్లగా పొగ కక్కే బీఎస్-4 బండి కూడా కాగితాల లెక్కలో బీఎస్-4నే.

రెండింటికీ తేడా చిన్నదేం కాదు. డీజిల్ కార్లకు బీఎస్-3లో మసి పరిమితి కిలోమీటరుకు 0.05 గ్రాములు, బీఎస్-4లో 0.025. నైట్రోజన్ ఆక్సైడ్లు 0.50 నుంచి 0.25కి తగ్గాయి. ఈ రెండూ సగానికి సగం. బీఎస్-6కి వచ్చేసరికి నైట్రోజన్ ఆక్సైడ్లు 0.08కి, మసి 0.0045కి పడిపోయాయి. అందుకే ఢిల్లీ లాంటి చోట్ల బీఎస్ పట్టుకుని అంతగా వేలాడతారు.

మరి సంవత్సరం చూసి చెప్పేయలేమా? 2000 తర్వాత మన దేశంలో నియమాలు ఊరికో రకంగా అమలయ్యాయి, చిక్కంతా అక్కడే. బ్రోకర్ ఏపీ 36 అన్న మాటలో కొంత నిజం ఉంది కానీ అది మొత్తం నిజం కాదని నేననడానికి కారణమూ ఇదే. కాస్త వివరంగా చెప్తాను.

మన దగ్గర పెట్రోలు బండ్లకు మొదటి మాస్ ఎమిషన్ పరిమితులు 1991లో, డీజిల్‌కు 1992లో వచ్చాయి. 1996లో వాటిని కాస్త బిగించారు. 2000 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా ‘ఇండియా 2000’ అన్నారు, అంటే యూరో-1కి సమానం. కొన్ని పాత కాగితాల్లో ‘యూరో’ అని కనిపించేది అందుకే. అక్కడి నుంచి దారి రెండుగా చీలింది. ముందు పెద్ద నగరాలు, కొన్నేళ్ళ తర్వాత మిగతా దేశం. కార్ల విషయంలో బీఎస్-2 ఢిల్లీలో 2000లోనే వచ్చింది, హైదరాబాద్‌కు 2003లో, దేశమంతటికీ 2005 ఏప్రిల్‌లో. బీఎస్-3 హైదరాబాద్‌తో సహా పెద్ద నగరాలకు 2005 ఏప్రిల్‌లో వస్తే, మిగతా దేశానికి 2010లో, అదీ ఆ ఏడాది పొడవునా దశలవారీగా వచ్చింది. బీఎస్-4 హైదరాబాద్ సహా 13 నగరాలకు 2010 ఏప్రిల్‌లో, దేశమంతటికీ 2017 ఏప్రిల్ 1న. తర్వాత బీఎస్-5ను వదిలేసి నేరుగా బీఎస్-6కి వెళ్తామని 2016 జనవరిలో ప్రభుత్వం ప్రకటించింది. 2020 ఏప్రిల్ 1న అది దేశమంతా ఒకేసారి అమలైంది. ఊరూ ఊరికీ తేడా మాత్రం 2017లోనే పోయింది.

ఇలా చీల్చడానికి కారణం ఇంధనం. బీఎస్-4 ఇంజిన్‌కు గంధకం 50 పీపీఎంకు (పది లక్షల్లో 50 వంతులకు) మించని డీజిల్ కావాలి. బీఎస్-3 డీజిల్‌లో అది 350 పీపీఎం దాకా ఉండొచ్చు. దేశంలోని రిఫైనరీలన్నీ ఒకేసారి మారలేవు కాబట్టి ముందు నగరాలకు శుభ్రమైన ఇంధనం ఇచ్చి, తర్వాత విస్తరిద్దామన్నది మాషేల్కర్ కమిటీ సిఫారసుల మీద 2003లో వచ్చిన ఆటో ఫ్యూయల్ పాలసీ ఆలోచన. కాగితం మీద బాగానే ఉంది. కానీ బండికి చక్రాలుంటాయి, అది నగరం పొలిమేర దగ్గర ఆగదు కదా! హైదరాబాద్‌లో కొన్న బీఎస్-4 డీజిల్ కారు జనగామ దాటాక 350 పీపీఎం డీజిలే తాగింది.

ఇప్పుడు మీ కారుకొద్దాం. 2011 అక్టోబరులో వరంగల్‌లో కారు రిజిస్టర్ చేయించడానికి బీఎస్-3 సరిపోయేది. హైదరాబాద్‌లో అయితే బీఎస్-4 తప్పనిసరి. బ్రోకర్ లెక్క ఇంతవరకూ సరైనదే. కానీ ‘బీఎస్-3 సరిపోయేది’ అంటే ‘బీఎస్-3నే అమ్మారు’ అని కాదు. ఒకే మోడల్‌ను రెండు రకాలుగా తయారుచేసి, రెండు రకాలుగా పంపిణీ చేయడం కంపెనీకి తలనొప్పి. అందుకని కొన్ని మోడళ్ళు దేశమంతటా బీఎస్-4గానే వచ్చాయి. కొన్ని మోడళ్ళకు, ముఖ్యంగా టాక్సీలకు ఎక్కువగా పోయే డీజిల్ రకాలకు, రెండు వెర్షన్లూ ఉండేవి. ధరలో తేడా ఉన్నచోట జిల్లా అడ్రసు పెట్టి బీఎస్-3 తీసుకుని హైదరాబాద్‌లో తిప్పినవాళ్ళూ ఉన్నారు. కాబట్టి ఏపీ 36 అన్న నంబరు అనుమానం పుట్టించడానికి పనికొస్తుంది, తీర్పు చెప్పడానికి పనికిరాదు.

రవాణా బండ్లయితే ఇది కూడా చెప్పలేం. ఆ రోజుల్లో నగరాల నియమం నుంచి నేషనల్ పర్మిట్, అంతర్రాష్ట్ర పర్మిట్, ఆల్ ఇండియా టూరిస్ట్ పర్మిట్ ఉన్న నాలుగు చక్రాల రవాణా వాహనాలకు మినహాయింపు ఉండేది. కాబట్టి 2013 నాటి లారీ హైదరాబాద్ నంబరుతో ఉన్నా బీఎస్-3 కావొచ్చు, అందులో తప్పేమీ లేదు. ఇది తెలియక లారీ కొనేవాళ్ళు ‘ఏపీ 11 కదన్నా, బీఎస్-4 అయి ఉంటుంది’ అని ఎక్కువ ధర పెట్టేస్తుంటారు.

మెకానిక్ చూపించిన ఇంజిన్ లైటు సంగతి. బీఎస్-4 కార్లలో 2010 నుంచి ఓబీడీ (లోపాలను బండే కనిపెట్టి చెప్పే వ్యవస్థ) తప్పనిసరైంది, 2013 ఏప్రిల్ నుంచి దాని రెండో దశ. లోపం ఏదైనా వస్తే లైటు వెలగాలన్నది ఆ నియమంలో భాగం. కానీ కామన్ రైల్ డీజిల్ ఇంజిన్‌ను నడిపేది ఈసీయూ అనే చిన్న కంప్యూటర్. అలాంటి బీఎస్-3 కార్లలో కూడా ఆ లైటు ఉండేది. లైటు లేకపోతే అనుమానించాలి కానీ, ఉన్నంత మాత్రాన బీఎస్-4 అయిపోదు. మెకానిక్‌లు ఇంజిన్ గురించి చెప్పేది వినండి. కాగితాల గురించి చెప్పేది ఇంకొకసారి సరిచూసుకోండి.

ఇక పొల్యూషన్ సర్టిఫికెట్. అందరూ దీని దగ్గరే మోసపోతారు, ఎందుకంటే దాని మీద బీఎస్ అని అచ్చయి, పక్కన సర్కారు ముద్ర కనిపిస్తుంది. ఆ పరీక్ష ఎలా జరుగుతుందో చూసే ఉంటారు. డీజిల్ బండిని న్యూట్రల్‌లో పెట్టి, సైలెన్సర్‌లో గొట్టం దూర్చి, యాక్సిలరేటర్‌ను ఒక్కసారిగా చివరిదాకా తొక్కి వదులుతారు, మళ్ళీ తొక్కుతారు, మళ్ళీ వదులుతారు. యంత్రంలో ఒక కాంతి కిరణాన్ని ఆ పొగ ఎంత అడ్డుకుంటోందో కొలుస్తారు, అంతే. కిలోమీటరుకు గ్రాములు కొలిచే పరీక్షకూ దీనికీ పోలికే లేదు. బీఎస్-4కు ముందు తయారైన డీజిల్ బండికి పరిమితి 65 హార్ట్‌రిడ్జ్ యూనిట్లు, బీఎస్-4కు 50. అంటే పరీక్ష చేసేవాడికి ముందే బీఎస్ తెలియాలి, అప్పుడే ఏ పరిమితి పెట్టాలో తెలుస్తుంది. పరీక్ష వల్ల బీఎస్ తేలదు. మీ బండికి రికార్డులో ఆ గడి ఖాళీ కాబట్టి కౌంటర్లో ఎవరో సంవత్సరం చూసి ఒకటి ఎంచుకుని ఉంటారు. దాన్ని రుజువుగా ఎక్కడా చూపించకండి.

ఇందులో మీకు తగిలే చిన్న దెబ్బ ఇంకొకటి ఉంది. బీఎస్-4, బీఎస్-6 బండ్లకు పొల్యూషన్ సర్టిఫికెట్ ఏడాది చెల్లుతుంది. అంతకు ముందు రకాలకు ఆరు నెలలే. మీది నిజంగా బీఎస్-3 అయితే మీ చేతిలో ఉన్న ఏడాది సర్టిఫికెట్‌లో సగం గాలిలో ఉన్నట్టే. సర్టిఫికెట్ లేకుండా దొరికితే 2019 సవరణ తర్వాత జరిమానా 10,000 రూపాయల దాకా ఉంది.

మరి నమ్మదగినది ఏది? ఫారం 22. బండి అమ్మేటప్పుడు కంపెనీ ఇచ్చే రోడ్‌వర్దీనెస్ సర్టిఫికెట్ అది. ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు, ఏ ఎమిషన్ నియమాలకు అనుగుణంగా తయారైందీ అందులో ఉంటాయి. ఫారం 20తో పాటు దాన్ని ఆర్టీఏ ఆఫీసులో ఇచ్చే రిజిస్ట్రేషన్ చేయించేవాళ్ళం. మొదటి ఓనర్ ఫైల్లో జిరాక్స్ ఉండే అవకాశం బాగా ఉంది. ఇన్వాయిస్, ఇన్సూరెన్స్ కవర్ నోట్, టెంపరరీ రిజిస్ట్రేషన్ కాగితం, ఇవన్నీ ఒక ప్లాస్టిక్ ఫోల్డర్‌లో పెట్టి ఇచ్చేవాళ్ళం, చాలామంది దాన్ని అలాగే బీరువాలో పడేస్తారు. మీకు అమ్మినాయనకు ఒక ఫోన్ కొట్టి ఆ ఫోల్డర్ అడగండి. సిగ్గుపడాల్సిన పనేం లేదు.

అది దొరక్కపోతే కంపెనీకి మెయిల్ పెట్టండి. ఎలా అడుగుతారన్నది ఇక్కడ ముఖ్యం. ‘నా కారు బీఎస్-4 ఏనా?’ అని అడిగితే కస్టమర్ కేర్‌లో కూర్చున్న పిల్లవాడు కూడా సంవత్సరం చూసే చెప్తాడు. పూర్తి ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు, ఆర్సీ కాపీ జతచేసి, ‘ఈ ఛాసిస్ నంబరు గల వాహనం ఏ టైప్ అప్రూవల్ సర్టిఫికెట్ కింద, ఏ భారత్ స్టేజ్ ప్రకారం తయారైందో లెటర్ హెడ్ మీద ధ్రువీకరించండి’ అని రాయండి. జవాబు ఆలస్యమైతే మీకు దగ్గర్లో ఉన్న అదే కంపెనీ డీలర్ సర్వీస్ మేనేజర్ ద్వారా పంపించండి. వాళ్ళ సిస్టంలో ఛాసిస్ నంబరు కొడితే బండి ఏ వేరియంటో వస్తుంది.

లెటర్ వచ్చాక దాన్ని పెట్టి ఆర్టీఏలో రికార్డు సరిచేయమని దరఖాస్తు చేసుకోవచ్చు. బండి చూపించమంటారు. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది ప్రింట్ తీయిస్తాడు. నంబరు దగ్గర తుప్పు ఉంటే ముందే మెత్తటి గుడ్డతో కాస్త కిరోసిన్ పెట్టి తుడిపించండి. గీకించొద్దు, ఎమరీ కాగితం అసలే వద్దు. అక్షరం అరిగిందంటే ట్యాంపరింగ్ అని కొత్త టెన్షన్ మొదలవుతుంది.

యాప్‌లో గడి ఎందుకు ఖాళీ అని కూడా చాలామంది అడుగుతారు. 2011 నాటి కార్డుల మీద ఎమిషన్ నార్మ్స్ అన్న వరుస తప్పనిసరి కాదు, అది తర్వాతి కాలంలో చేరింది. పైగా జాతీయ వాహన్ వ్యవస్థలోకి అన్ని రాష్ట్రాలూ ఒకే సమయంలో రాలేదు, తెలంగాణ చాలాకాలం సొంత సాఫ్ట్‌వేర్‌తోనే నడిచింది. పాత రికార్డులో లేని వివరం కొత్త వ్యవస్థలోకి ఎక్కడి నుంచి వస్తుంది? కాబట్టి ఖాళీ గడి చూసి కంగారుపడొద్దు. తప్పుగా నిండిన గడి ఉంటే మాత్రం అది ఖాళీ కంటే ప్రమాదం.

ఛాసిస్ నంబరులోనే అంతా ఉంటుందని కొందరు చెప్తారు. చాలా కంపెనీలకు 17 అక్షరాల్లో పదోది తయారీ సంవత్సరం. 2009కి 9, 2010కి ఏ, 2011కి బీ, అలా వెళ్తుంది. తయారీ ఏడాది సరిచూసుకోవడానికి బాగుంటుంది. బీఎస్ మాత్రం అందులో నేరుగా ఉండదు. ఇక నంబరు ప్లేటుతో వచ్చే అద్దం స్టిక్కర్ రంగు చూసి బీఎస్ చెప్పేవాళ్ళున్నారు. ఆ రంగు ఇంధనానిది. లేత నీలం పెట్రోలు, సీఎన్‌జీలకు, నారింజ డీజిల్‌కు. బీఎస్-6 బండికైతే ఆ స్టిక్కర్ పైభాగంలో సెంటీమీటరు వెడల్పున ఆకుపచ్చ పట్టీ ఉంటుంది. బీఎస్-3నీ బీఎస్-4నీ విడదీసే గుర్తు అందులో లేదు.

తయారీ తేదీ, అమ్మకం తేదీ, రిజిస్ట్రేషన్ తేదీ, ఈ మూడూ వేరు వేరని గుర్తుపెట్టుకుంటే సగం గొడవ తీరుతుంది. మామూలుగా నియమం తయారీ తేదీని పట్టుకుంటుంది. కానీ 2017లో సుప్రీంకోర్టు దాన్ని మార్చింది. ఆ ఏడాది మార్చి 29న, ఏప్రిల్ 1 నుంచి దేశంలో ఎక్కడా బీఎస్-3 బండి అమ్మకూడదు, రిజిస్టర్ చేయకూడదు అంది. మార్చి 31 లోపు అమ్మినట్టు రుజువు ఉంటేనే మినహాయింపు. అప్పటికి కంపెనీలు, డీలర్ల దగ్గర కలిపి 8 లక్షలకు పైగా బీఎస్-3 బండ్లున్నాయి, వాటిలో ఎక్కువ భాగం టూ వీలర్లే. మిగిలిన రెండున్నర రోజులూ షోరూముల్లో జాతరే. వేలకు వేలు తగ్గించి అమ్మారు. బిల్లు ప్రింటర్‌కు ఊపిరాడలేదు, రాత్రి పొద్దుపోయేదాకా కౌంటర్ మూయలేదు. బావమరిది పేరున ఒకటి, పక్కింటాయన పేరున ఒకటి కొన్నవాళ్ళని చూశాను. ఆ బండ్లన్నీ తర్వాతి వారాల్లో రిజిస్టరయ్యాయి. అందుకే 2017 ఏప్రిల్, మే రిజిస్ట్రేషన్‌తో ఉన్న బండి కూడా న్యాయంగానే బీఎస్-3 కావొచ్చు.

2020లో కూడా ఇదే కథ. మార్చి 31 తర్వాత బీఎస్-4 అమ్మకూడదని కోర్టు 2018లోనే చెప్పింది. సరిగ్గా అప్పుడే లాక్‌డౌన్ వచ్చిపడింది. మార్చి 31 లోపు అమ్మి, ఈ-వాహన్‌లో వివరాలు ఎక్కించిన బండ్లను రిజిస్టర్ చేయడానికి కోర్టు ఆ ఆగస్టులో, ఢిల్లీ, దాని చుట్టుపక్కల ప్రాంతం (ఎన్‌సీఆర్) తప్ప మిగతాచోట్ల, అనుమతించింది. కాబట్టి 2020 సెప్టెంబరు రిజిస్ట్రేషన్ చూసి బీఎస్-6 అనుకుని డబ్బు కట్టేయకండి. ఇంజిన్ గదిలో, తలుపు అంచు మీద ఉన్న ప్లేటు మీద తయారీ నెల చూడండి. ఇన్వాయిస్ అడగండి.

దీన్ని అడ్డం పెట్టుకుని జరిగే మోసాలూ ఉన్నాయి. అమ్ముడుపోని బీఎస్-3 లారీలను తుక్కు కింద కొని, ఈశాన్య రాష్ట్రంలో బీఎస్-4గా రిజిస్టర్ చేయించి, అక్కణ్ణుంచి ఎన్‌ఓసీతో ఆంధ్రకు తెచ్చారన్న ఆరోపణలతో 2020లో కేసులు నమోదయ్యాయి. దూర రాష్ట్రం నుంచి వచ్చిన 2017, 2018 నాటి లారీ చవగ్గా దొరుకుతోందంటే ముందు ఆ ఛాసిస్ నంబరుతో కంపెనీ లెటర్ తెప్పించుకోండి.

టూ వీలర్లకు ఇంత గొడవ లేదు. వాటికి నగరం, జిల్లా తేడా పెట్టలేదు. 2000, 2005, 2010, 2017, 2020 ఏప్రిల్‌లే మైలురాళ్ళు. బీఎస్-4లో కొత్త మోడళ్ళకు మాత్రం ఒక ఏడాది ముందు, 2016లోనే మొదలైంది. 2017 ఏప్రిల్ నుంచి తయారైన బండ్లకు తాళం తిప్పి స్టార్ట్ చేస్తే హెడ్‌లైటు దానంతట అదే వెలుగుతుంది, ఆపే స్విచ్ ఉండదు. వీధిలో నిలబడి చూసినా బీఎస్-3, బీఎస్-4 బైకుల్ని దాదాపుగా విడదీయొచ్చు. ట్రాక్టర్లకు ఈ బీఎస్ నంబర్లే వర్తించవు, వాటికి ట్రెమ్ అనే వేరే వరుస ఉంది. 50 హెచ్‌పీ దాటిన ట్రాక్టర్లకు 2023 జనవరి నుంచి ట్రెమ్-4. ‘నా ట్రాక్టర్ బీఎస్ ఎంత’ అని అడిగేవాళ్ళ కోసం ఈ మాట.

ఇప్పుడు గురుగ్రామ్. ఢిల్లీ చుట్టుపక్కల బండికి రెండు గడియారాలు తిరుగుతుంటాయి, వయసుది ఒకటి, బీఎస్‌ది ఒకటి. పదేళ్ళు దాటిన డీజిల్ బండి తిరగకూడదని 2015 ఏప్రిల్‌లో హరిత ట్రిబ్యునల్ అంది. 2018 అక్టోబరులో సుప్రీంకోర్టు డీజిల్‌కు పదేళ్ళు, పెట్రోలుకు పదిహేనేళ్ళు అన్న గీతను ఖాయం చేసింది. 2025 ఆగస్టు 12న, వయసు కారణంగా ఓనర్ల మీద కఠిన చర్యలు వద్దని అదే కోర్టు కాస్త ఊరటనిచ్చింది. ఆ డిసెంబరులో మళ్ళీ సవరించి, ఆ ఊరట బీఎస్-4, ఆపై బండ్లకే అని తేల్చింది. బీఎస్-3, అంతకు ముందువాటి మీద చర్య తీసుకోవచ్చు. అంటే మీ కారు బీఎస్-3 అయితే వయసు గడియారమే దాన్ని ఆపేస్తుంది.

బీఎస్-4 అని తేలిందనుకుందాం. అప్పుడు రెండో గడియారం మొదలవుతుంది. చలికాలంలో కాలుష్యం ముదిరి గ్రాప్ (కాలుష్యం పెరిగేకొద్దీ దశలవారీగా ఆంక్షలు పెట్టే ప్రణాళిక) మూడో దశ పెడితే ఢిల్లీ, గురుగ్రామ్, ఫరీదాబాద్, ఘాజియాబాద్, గౌతమ్ బుద్ధ నగర్‌లలో బీఎస్-3 పెట్రోలు, బీఎస్-4 డీజిల్ కార్లు తిరగకూడదు. చూడండి, డీజిల్‌ను ఒక మెట్టు కిందికి దింపి లెక్కేస్తారు. ఢిల్లీలో దొరికితే 20,000 రూపాయల చలానా. వీటిపైన ఇంకొకటి, వేరే రాష్ట్రంలో పన్నెండు నెలలకు మించి బండి ఉంచితే అక్కడి నంబరు తీసుకోవాలని చట్టం. పదేళ్ళు దాటిన డీజిల్‌కు ఎన్‌సీఆర్‌లో కొత్తగా రిజిస్ట్రేషన్ ఆశ పెట్టుకోకండి. కోర్టు ఇచ్చిన ఊరట ఎప్పుడు ఏ వైపు తిరుగుతుందో చూశారు కదా, నాలుగు నెలల్లో మారిపోయింది. అబ్బాయికి అక్కడే ఒక పెట్రోలు బీఎస్-6 సెకండ్ హ్యాండ్ చూసుకోమనండి. ఈ కారు వరంగల్‌లోనే హాయిగా తిరుగుతుంది. ఇక్కడ బీఎస్-3 అయినంత మాత్రాన రోడ్డు ఎక్కొద్దని ఎవరూ అనరు.

ఒకటి మాత్రం గుర్తుంచుకోండి. 2026 అక్టోబరుకు మీ ఆర్సీకి పదిహేనేళ్ళు నిండుతాయి. రెన్యువల్ చేయిస్తే ఐదేళ్ళు వస్తుంది. కారుకు కేంద్ర ఫీజు 5,000 రూపాయలు, గ్రీన్ ట్యాక్స్ విడిగా. ఆలస్యమైతే నెలకు 500 అదనం. రికార్డులో బీఎస్ సరిచేయించే పని కూడా ఆ సమయానికే పెట్టుకుంటే బండిని రెండుసార్లు చూపించే తిప్పలు తప్పుతాయి.

చివరగా నాన్నగారి స్కూటర్. 1974లో మన దేశంలో ఎమిషన్ పరిమితి అన్నదే లేదు కాబట్టి దానికి బీఎస్ ఏదీ లేదు. ఎవరైనా ‘బీఎస్-1 కింద వేసుకోండి’ అంటే వినకండి. పొల్యూషన్ పరీక్షలో మాత్రం 2000 మార్చి 31 లోపు తయారైన టూ వీలర్ల వర్గంలోకి వస్తుంది. కార్బన్ మోనాక్సైడ్ 4.5 శాతం, హైడ్రోకార్బన్లు 9,000 పీపీఎం వరకూ చెల్లుతుంది. టూ స్ట్రోక్ అయినా ప్లగ్ శుభ్రం చేసి, ఆయిల్ పాళ్ళు సరిగ్గా కలిపితే దాటేస్తుంది.

యాభై ఏళ్ళు దాటింది, మార్పులు చేయలేదు అంటున్నారు కాబట్టి 2021 జులైలో వచ్చిన నియమాల ప్రకారం వింటేజ్‌గా రిజిస్టర్ చేయించవచ్చు. ఫీజు 20,000 రూపాయలు, పదేళ్ళకు చెల్లుతుంది, తర్వాత రెన్యువల్ 5,000. నంబరులో వీఏ అని వస్తుంది. కానీ వింటేజ్ బండిని రోజూ తిప్పడానికి వీల్లేదు. ప్రదర్శనకో, ర్యాలీకో, పెట్రోలు కొట్టించడానికో, రిపేరుకో మాత్రమే బయటికి తీయాలి. మీరు దాని మీద ఆదివారం కూరగాయలకు వెళ్తానని రాశారు, అది ఈ లెక్కలోకి రాదు. అలా తిప్పుకోవాలంటే వింటేజ్ జోలికి వెళ్ళకుండా మామూలు ఆర్సీనే రెన్యువల్ చేయించండి. 2025 ఆగస్టు నుంచి ఇరవై ఏళ్ళు దాటిన టూ వీలర్‌కు ఆ ఫీజు 2,000 రూపాయలు, ఆలస్యానికి నెలకు 300 అదనం. ఆర్సీ ఇంకా నాన్నగారి పేరునే ఉంటే ముందు పేరు మార్పించి, ఆ తర్వాత రెన్యువల్‌కు వెళ్ళండి.